తాళి వద్దన్న మా అత్త

పోయిన వారం పొద్దున్నే నాయన ఫోన్ చేశాడు. “మీ అత్త పాయె మ్మే. బిరీన బయల్దేరు,” అన్నాడు. కాస్త ఆగి ఇంకో మాట చేర్చాడు. “ఆ టీచరమ్మకు నువ్వే చెప్పు, ముందరికొచ్చి కూసోవద్దని. నాలుగూర్లోళ్లు వస్తారు.” అత్త ఇక దక్కదని మాకందరికీ తెలుసు. ఆ రెండో మాటకే నాకు ఒళ్లు మండింది. కర్నూలు నుంచి కోయిలకుంట్ల దాకా బస్సులో ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

అత్త అంటే నాయనకు అక్క. పెళ్లి చేసుకోలేదు. మా వైపు ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మిగతా కథంతా వినేవాళ్లే అల్లుకుంటారు. జాతకంలో దోషమంటారు, ఎవడో మోసం చేశాడంటారు. మీరూ ఏదో ఒకటి అనుకునే ఉంటారు. అలాంటిదేమీ లేదు. మగవాడితో కాపురం చేయడం ఆమెకు ఇష్టం లేదు, అంతే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ఎదురుగా దర్జాగా కూర్చుని, “నాకు ఇష్టం లేదప్పా, కాఫీ తాగి పోండి,” అని చెప్పేదట. ఆమె తండ్రి, మా జేజినాయన, కొట్టాడు, అవ్వ తిండి మానేసింది, ఏమీ లాభం లేకపోయింది.

జేజినాయన పోయిన తర్వాత నల్లరేగడి చేను ఒకటి, చిన్న ఇల్లు ఒకటి ఆమె పాలికి వచ్చాయి. మా ఊళ్లో విత్తేటప్పుడు గొర్రు తోలేది మగవాళ్లు, వెంట నడుస్తూ గింజలు వదిలేది ఆడవాళ్లు. గొర్రు మీద ఆడదాని చెయ్యి పడితే వాన రాదని ఒక నమ్మకం. అత్త తానే ఎద్దులు కట్టి గొర్రు తోలింది. గింజలు వదలడానికి ఒక మగమనిషిని కూలికి పిలిచింది, ఆయన సిగ్గుతో తల దించుకునే నడిచాడు. మన ఖర్మ, ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఊరి పెద్దలు కట్టగట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. అత్త మాత్రం వక్కాకు నములుతూ, “పక్కూర్లో గూడా పడలే కదప్పా. ఆడ ఎవురి పెండ్లాము తోలినాది గొర్రు?” అంది. ఒకాయనకు నవ్వొచ్చింది గానీ దగ్గుతో కప్పిపుచ్చుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే టీచరమ్మ వచ్చింది. రాయచోటి మనిషి. బడిలో ఉద్యోగానికి వచ్చి అత్త ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుంది. వేరే ఊళ్లకు బదిలీలయినా ఇల్లు మాత్రం మారలేదు, బస్సులోనే పోయి వచ్చేది. సాయంత్రం బస్సు రావడం ఆలస్యమైతే అత్త అరుగు మీద కూర్చుని డ్రైవరును, కండక్టరును, వాళ్ల పెద్దల్ని అందరినీ తిట్టేది. ఆమె వచ్చేదాకా తిండి ముట్టేది కాదు. ఒకసారి వాళ్ల వంటింట్లోకి పోయాను. టీచరమ్మ ఎర్రగడ్డలు కోస్తోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అత్త తన కొంగుతో ఆ కళ్లు తుడుస్తోంది. మా ఇంట్లో నాయన అమ్మ కళ్లు తుడవడం నేను ఎన్నడూ చూడలేదు.

పెద్దయ్యాక పట్నంలో చదువుకుంటున్నప్పుడు ఇలాంటి ప్రేమకు ఉన్న పేర్లు విన్నాను. అత్తకు చెబితే శ్రద్ధగానే వింది. “పేరు పెట్టొద్దులే మ్మే, పేరుంటే ఊరికి తిట్టేది సులభమైతాది,” అంది. ఊరు ఆ పని పేరు లేకుండానే చేసింది. నాయన ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. అమ్మకూ అత్తకూ అంతగా పడేది కాదు. “నీకేం వదినె, అడిగేటోడు లేడు,” అని అమ్మ దెప్పిపొడిచేది. అత్త ఊరుకునేది. అందరికీ ఎదురు చెప్పే మనిషి అమ్మకు మాత్రం ఎందుకు చెప్పదో నాకు అర్థమయ్యేది కాదు.

నా పెళ్లికి ఆమెను ఒక్కదాన్నే రమ్మని నాయన అడిగాడు. “నీ పెండ్లాన్ని ఇంట్లో పెట్టి రమ్మంటే నువ్వొస్తావా రా?” అని అడిగింది అత్త. వాళ్లు పెళ్లికి రాలేదు. పెళ్లయిన కొద్దిరోజులకే ఇద్దరూ కలిసి ఓళిగలు చేసుకుని కర్నూల్లో మా ఇంటికి వచ్చారు. మా ఆయనకు కొసరి కొసరి పెట్టి, అల్లుడు బాగా తింటాడని మెచ్చుకుని పోయారు.

ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో అత్త నన్ను దగ్గరికి పిలిచింది. మా ఇళ్లల్లో పెళ్లి కాకుండా పోయిన మనిషిని అలాగే సాగనంపరు. పక్కన జిల్లేడు కొమ్మ పెట్టి, అదే పెళ్లికొడుకని మెడలో తాళి కట్టి మరీ పాడె ఎక్కిస్తారు. “ఆ జిల్లేడు కత నాకొద్దు. కట్టనీయొద్దు మ్మే,” అంది. సరేనన్నాను. అనడం ఎంత తేలికో.

ఆ రోజు బస్సు దిగి నేను అత్త ఇంటికి పోయేసరికి టీచరమ్మ వంటింటి గోడకు ఆనుకుని ఒక్కతే కూర్చుని ఉంది. నాయన చెప్పమన్న మాట నేను చెప్పకముందే ఎవరో చెప్పినట్టున్నారు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అత్త తల దగ్గర కూర్చోబెట్టాను. నాయన చూసి, మొహం అటు తిప్పుకున్నాడు.

పెద్దనాయన అప్పటికే జిల్లేడు కొమ్మ తెప్పించాడు. ఆయన నాయనకు దాయాది అన్న, మా ఇళ్లల్లో చావుకైనా పెళ్లికైనా ఆయన మాటే మాట. పసుపుతాడు పళ్లెంలో సిద్ధంగా ఉంది.

“అత్త వద్దని చెప్పింది పెద్దనాయనా. నాతోనే చెప్పింది,” అన్నాను.

“పోయేటోళ్లు శానా చెప్తారు. ఒట్టి మెడతో పంపితే ఇంటికి మంచిది కాదు. నీకూ బిడ్డ ఉండాది, ఆలోచన చేసుకో.”

నాయన వైపు చూశాను. ఆయన నేల చూస్తూ, “పెద్దోళ్లు చెప్పినట్ల కానీలే మ్మే,” అన్నాడు.

అప్పుడు టీచరమ్మ లేచింది. “ఆమెకు ఇష్టం లేదు. వద్దు,” అంది.

“నువ్వేమైతావమ్మా ఆమెకు?” అని అడిగాడు పెద్దనాయన, గొంతు పెంచకుండానే. టీచరమ్మ అత్త మొహం వైపు ఒకసారి చూసింది. మళ్లీ కూర్చుంది. ఆ క్షణంలో ఆయనను నేను ఏం చేసినా పాపం తగలదనిపించింది.

పీనుగకు నీళ్లు పోసేటప్పుడు చీరలు అడ్డం పట్టి లోపల ఆడవాళ్లమే ఉంటాం. తాళి కూడా అక్కడే కట్టేయమని పెద్దనాయన ఆ పళ్లెం అమ్మకిచ్చాడు. ఇంటి కోడలు, ముత్తయిదువ, ఆమె చేతి మీదుగానే జరగాలన్నాడు. టీచరమ్మనూ వెంటబెట్టుకుని లోపలికి పోయి, నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అమ్మ విదిలించుకుంది. పసుపుతాడు తీసుకుంది. అత్త మెడ వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆ తాడును జిల్లేడు కొమ్మకే చుట్టి, ముడులు వేసి, కొమ్మను పక్కన పడేసింది.

“మనింట్లో ఒక్క మెడన్నా ఒట్టిగా పోనీ,” అంది, మాకు మాత్రమే వినబడేలా. తర్వాత చెంబు టీచరమ్మ చేతిలో పెట్టింది. “నీళ్లు నువ్వే పొయ్యమ్మా. ఎంత వేడి కావల్లో నీకే తెలుసు.” ఆ పైన గొంతు పెంచి, బయటికి, “అయిపాయె బావా,” అని కేకేసింది.

బంతిపూల దండలు గడ్డం దాకా కప్పి అత్తను బయటికి తెచ్చారు. ఎవరూ పరీక్షించలేదు. పాడె మీద పడుకోబెట్టారు. నాయన అక్క కాళ్లకు మొక్కి, చివరిసారి మొహం చూడటానికి వంగాడు. ఆయన కండువా తగిలి దండ కిందికి జారింది. అత్త మెడ పూర్తిగా బయటపడింది. పసుపు పూసి ఉంది, ఇంకేమీ లేదు. అమ్మ గోళ్లు నా ముంజేతిలో దిగాయి. నాయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

“ఏమప్పా, ఏమైనాది?” అంటూ పెద్దనాయన ఇటు రాబోయాడు.

నాయన రెండు చేతులతో ఆ పూలు పైకి జరిపాడు. గడ్డం కింద ఎక్కడా సందు లేకుండా నిదానంగా సర్దాడు. లేచి నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, “ఏమీ లేదన్నా. ఎత్తండి,” అన్నాడు.