గొంతు సవరించుకున్న కమిషనర్

2023 జూలై. సిడ్నీ పశ్చిమ శివార్లలో ఒక ఆసుపత్రి, వృద్ధుల వార్డు. నేను స్పీచ్ పెథాలజిస్ట్‌ని. మా బంధువులు నన్ను మాటలు నేర్పే పంతులనుకుంటారు. నిజానికి నా రోజులో ఎక్కువ భాగం మనుషులు నీళ్లు మింగుతుంటే చూడటంతోనే సరిపోతుంది. అంత ఉత్కంఠభరితమైన ఉద్యోగం.

ఏడో మంచం మీద ఎనభై నాలుగేళ్ల ఫ్రెంచ్ హాస్యనటుడు. ఎమీల్ అందాం, అసలు పేరు అది కాదు. భార్య పోయాక ఇక్కడికి దగ్గర్లో కెల్లీవిల్‌లో ఉన్న కూతురు క్లేర్ దగ్గరికి వచ్చేశారు. స్ట్రోక్ వచ్చి ఇక్కడ చేరారు. యాభై ఏళ్లలో నూట నలభై సినిమాలు. సూప్ ఒలకబోసే వెయిటర్, బెంచి మీద నిద్రపోయే జడ్జి, దొంగ ఎదురుగా ఉన్నా కనిపెట్టలేని పోలీసు కమిషనర్. హీరో ఒక్కసారీ కాలేదు.

"సినిమా బాగా రావడం లేదనిపిస్తే నన్ను పిలిచేవారు," అన్నారు. "చాలా బిజీగా ఉండేవాణ్ణి."

స్ట్రోక్ తర్వాత మింగే కండరాలు బలహీనపడితే తాగింది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దాన్ని ఆస్పిరేషన్ అంటారు. మంచం దగ్గర చేసే పరీక్ష సాదాసీదాది. గుక్కెడు నీళ్లు తాగించి, గొంతు మీద వేళ్లు ఆనించి, దగ్గు వస్తుందా, 'ఆ' అనమంటే గురగుర వినిపిస్తుందా అని చూడాలి. పరీక్ష తప్పినవాళ్లకి థికెనర్ కలిపి ఇస్తాం, అంటే ద్రవాలను చిక్కబరిచే పొడి. కాఫీ అంబలి అవుతుంది.

పక్క మంచం ఆయన కప్పులో చెంచా నిలబడి ఉండటం ఎమీల్ చూశారు. "నాకు మిగిలింది కాఫీ ఒక్కటే. దాన్ని సిమెంట్ చేయకండి," అన్నారు.

మొదటి గుక్క మింగగానే కమిషనర్ అయిపోయారు. ఛాతీ విరిచి, గొంతు గట్టిగా సవరించుకుని, "గ్లాసులో నీళ్లు సగమే ఉన్నాయి. మిగతా సగం ఎక్కడ దాచావు?" అని నన్ను నిలదీశారు. రెండో గుక్కకి మళ్లీ గొంతు సవరింపు, ఈసారి నర్సు స్రవంతి జేబులు సోదా. 'ఆ' అనమంటే కమిషనర్ బొంగురు గొంతుతోనే అన్నారు.

స్రవంతిది వరంగల్. "అన్నా, నువ్వు టెస్ట్ చేస్తున్నవా, సినిమా చూస్తున్నవా?" అంది.

"రెండూనమ్మా. టికెట్ లేకుండా."

నవ్వుకి నా వేళ్లు ఆయన గొంతు మీంచి జారాయి. మళ్లీ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. 'మామూలు ద్రవాలు ఇవ్వవచ్చు, రోగి ఉల్లాసంగా సహకరించారు' అని ఫైల్లో రాశాను.

నాలుగో రోజు జ్వరం. నిమోనియా. మింగుతుండగా తీసే ఎక్స్‌రే, వీడియో స్వాలో అంటారు, అప్పుడు చేయించాం. ప్రతి గుక్కలో కొంత తప్పుదారిన దిగుతోంది. దిగిన ప్రతిసారీ ఆయన గొంతు సవరించుకుంటున్నారు. తెర మీద కమిషనర్ లేడు, దవడ, మెడ ఎముకలే ఉన్నాయి. ఆ గొంతు సవరింపు ఒక్కటే నిజమని, దాని చుట్టూ ఉన్నదంతా నటనని అప్పుడు అర్థమైంది.

నా పొరపాటు క్లేర్‌కి నేనే చెప్పాను. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది.

"నాన్న ఎప్పుడూ అంతే. సెట్లో పక్కటెముక విరిగినా చెప్పలేదు. చిన్న వేషాలవాడు ఒక్కసారి దగ్గితే మధ్యాహ్నానికి ఇంకొకడు వస్తాడనేవారు," అంది.

యాంటీబయాటిక్స్ పని చేయలేదు. తొమ్మిదో రోజు డాక్టర్లు ఆశ వదులుకుని, ఇక ఏం తాగినా ఫరవాలేదన్నారు. స్రవంతి మామూలు కాఫీ తెచ్చింది. చెంచాతో పెదవులకి తాకించాను. ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. మర్నాడు పోయారు.

ఇలాంటి పరీక్షలో పొరపాట్లు జరుగుతుంటాయని ఆసుపత్రివాళ్లు తేల్చారు. మర్యాదైన మాట, కాదనను. అప్పటినుంచి ప్రతి పరీక్షా రెండుసార్లు చేస్తాను, రెండోసారి కళ్లు మూసుకుని. కానీ నేను నేర్చుకున్నది అది కాదు. ఆ రోజు నేను పరీక్ష చేస్తున్నాననుకున్నాను. ఆయన వేషం కోసం వచ్చారు, మామూలు కాఫీ తాగగలిగిన మనిషి వేషం. ఆ వేషానికి ఆయన్ని ఎంపిక చేసింది నేను.