దాసు ఉస్తాద్ ముందిచ్చే అబద్ధం

ఈ పొద్దున వికారాబాద్‌లో మా వంటగదిలోంచి కందిపప్పు మాడిన వాసన వచ్చింది. కిటికీ అవతల అనంతగిరి గుట్టల మీద మంచు ఇంకా లేవలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన మా కోడలు నల్లబడ్డ గిన్నె పట్టుకొని నిలబడి, నేను అడగకముందే, "నేనేం జెయ్యలే మామా, స్టవ్వే గట్ల మండింది" అంది. ఆ వాసనకు నేను అప్పటికే ఏళ్ళ వెనకటి తాండూరు చేరుకున్నాను. బండల పాలిష్ పొడి పిండిలా పేరుకున్న రేకుల షెడ్డులో, మెకానిక్ దాసు ఉస్తాద్ పక్కన, ఒక పాత పికప్పు ముందు నిలబడి ఉన్నాను.

దాసు ఉస్తాద్‌ను మీరు చూడలేదు. చూసి ఉంటే ఆయన మాట ఒక్కటీ నమ్మేవారు కాదు. పెద్దేముల్ మనిషి. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడు, మిగతా వారమంతా అబద్ధాలు చెప్పేవాడు. ఒకసారి అనంతగిరి మీద నీళ్ళు దొరక్క, రేడియేటర్‌లో మంచునే నింపుకొని తాండూరు దాకా వచ్చానని చెప్పాడు. నేను ఆయన దగ్గర పనికి కుదిరేనాటికి నాకు పెళ్ళయి కొడుకు పుట్టాడు. అబద్ధాల్లో నాకూ కాస్త పేరుంది. ఆ మంచును నేనూ ఒక డబ్బాలో పట్టి ఇంటికి తెచ్చాను గానీ, మూత వదులై దారిలోనే పోయింది.

ఆ పికప్పు బషీరాబాద్ భీమప్పది. గొర్రెల కాపరుల ఇంటివాడు. ఊరూరా గొర్రెలను ఎక్కించుకొని తాండూరు సంతకు చేర్చడం ఆయన బతుకుదెరువు. బండగనిలో పడినప్పటి నుంచి ఎడమ కాలు లేవదు, క్లచ్ తొక్కలేడు. అందుకే ఎక్కడో వేలంలో దొరికిన ఈ ముసలి బండిని పట్టుకున్నాడు. దీనికి ఆటోమేటిక్ గేరు. క్లచ్చే ఉండదు, ఎడమ కాలికి పనే లేదు. తన గేర్లు తానే మార్చుకునే బండిని మా వైపు ఎవరూ చూసి ఎరగరు. దాన్ని చూడ్డానికని మంచి టైర్లకు మేకులు గుచ్చుకొని మా షెడ్డుకు వచ్చినవాళ్ళు ఉన్నారు.

అలాంటి బండి ఇప్పుడు గుట్ట ఎక్కనంటోంది. ఇంజను అరుస్తుంది, చక్రాలు మాత్రం నిద్రలో నడిచినట్టు కదులుతాయి. గేరు వేస్తే కాసేపు ఆలోచించి గానీ ముందుకు రాదు. పట్నంలో ఒకాయన గేర్ బాక్సు పోయిందనీ, బండిని పాత ఇనుముకు అమ్ముకొమ్మనీ చెప్పాడట. భీమప్ప ఇదంతా మా మొహాలు చూడకుండానే చెప్పాడు. ఆయన భార్య సిద్ధమ్మ కొంగు తల మీదికి లాక్కొని, బండల దొంతి మీద కూర్చుంది.

ఉస్తాద్ ఇంజను నడుస్తుండగానే గేరు ఆయిల్ మట్టం చూసే పుల్ల పైకి లాగాడు. ఈ గేరుకు నాడి అలాగే చూడాలట. షర్బత్‌లా ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కాఫీ రంగులోకి తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అచ్చం మాడిన కందిపప్పు. మట్టం మాత్రం సరిగ్గానే ఉంది. అంటే ఆయిల్ కారడం లేదు, కాలుతోంది. ఎందుకు కాలుతోంది? బరువు ఎక్కువ వేశావా అని అడిగాడు. లేదన్నాడు భీమప్ప. ట్రాక్టర్‌కు కట్టి లాగించావా? లేదు. వెనక్కి పోతున్న బండిని ఆపకుండానే ముందు గేరులోకి తోశావా? అదీ లేదు.

"నేనేం జెయ్యలే ఉస్తాద్. బండే గట్లయింది."

ఉస్తాద్ క్యాబిన్‌లోకి వంగాడు. నేనూ వంగాను. బ్రేకు పెడల్ రబ్బరు ఎడమ మూలన నున్నగా అరిగిపోయి ఉంది. కుడికాలితో తొక్కేవాడి బ్రేకు అక్కడ అరగదు. ఎడమ కాలు లేవని మనిషి బండిలో ఎడమ కాలి గుర్తు! నేను నోరు తెరవబోయాను. ఉస్తాద్ నా కాలు తొక్కి, అందరికీ చాయ్ చెప్పి, భీమప్ప పక్కన తీరిగ్గా కూర్చున్నాడు.

"ఒకపారి నాకు మోకాలు వాసింది భీమప్పా. బండి మా ఇంటామెకిచ్చిన. పొలిమేర దాకా ఆమె తోలుడు, పొలిమేర రాంగనే నేను స్టీరింగ్ కాడ కూసునుడు. ఒకనాడు మారనీకి యాది మరిచినం. కుల్కచర్ల బజార్ల ఆమె తోలుతుంటే, నేను పక్కన పండుకున్నట్టు జేసి గురక వెట్టిన. నా గురకకు ఇంజను ఖరాబయిందనుకొని జనం బండిని నెట్టవట్టిరి."

భీమప్ప పొలమారేట్టు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఒకచోట ఆగిపోయాడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"మేం గూడ పొలిమేర కాడ మారుతం ఉస్తాద్" అన్నాడు మెల్లగా.

వానలు మొదలైనప్పటి నుంచి కుడి మోకాలు కూడా పట్టు తప్పిందట. ఆ సంగతి తెలిస్తే తన బండిలో గొర్రెలు ఎక్కించేదెవరని భయం. తాండూరు కనబడగానే సీట్లు మారి, సంతలోకి మాత్రం తనే తోలుకుపోయేవాడు. అప్పుడు సిద్ధమ్మ బండల మీది నుంచి లేచి వచ్చింది.

"మా అన్న ట్రాక్టర్ మీద నేర్చిన. నా ఎడమ కాలు ఉత్తగుండది. గుట్ట మీద ఎన్కకు జారుతదేమోనని బ్రేకు మీదనే పెడ్త."

ఒక కాలు పొమ్మంటుంటే ఇంకో కాలు వద్దంటోంది. ఆ రెంటి నడుమ ఆయిల్ ఉడికిపోతోంది. ఉస్తాద్ గేర్ బాక్సు కింది పళ్ళెం విప్పి వేలితో తడిమాడు. నల్లటి మసి తప్ప ఇనుప రజను తగల్లేదు. బాక్సు బతికే ఉందన్నాడు. ఆయిల్ వడకట్టే జాలీ కడిగి, కొత్త ఆయిల్ పోసి, తాళం భీమప్పకు ఇవ్వకుండా సిద్ధమ్మ చేతిలో పెట్టాడు.

"బియ్యం ఏరేటప్పుడు ఎట్ల కూసుంటవు? గట్ల ఎడమ కాలు మడుచుకో బిడ్డా. ఇంక అది బ్రేకు దిక్కు పోదు."

అనంతగిరి దాకా తోలి చూద్దామని బయల్దేరాం. వెనక తొట్టిలో నేను, ఉస్తాద్. మంచు మా మీదుగా పారుతోంది. నిద్రలో పక్కకు ఒత్తిగిలినంత మెత్తగా గేర్లు మారుతున్నాయి. గుట్ట ఎప్పుడు ఎక్కామో, ఎప్పుడు దిగామో తెలియలేదు. రెండు మబ్బులను దాటేసి వచ్చామంటాను, మీ ఇష్టం. తిరిగి తాండూరు పొలిమేర రాగానే సిద్ధమ్మ అలవాటుగా బండి నెమ్మది చేసింది. లోపలి నుంచి భీమప్ప గొంతు వినిపించింది.

"ఏం ఆపుతవ్. పోనియ్."

సంత నడుమ నుంచే వచ్చాం. జనం చూశారు. తర్వాత కొందరు ఆ బండికి గొర్రెలు ఇవ్వడం మానేశారు, చాలామంది మానలేదు. సిద్ధమ్మ తోలుతూనే ఉంది.

ఉస్తాద్ భార్య షేర్ ఆటో ఎక్కితేనే కళ్ళు మూసుకునే మనిషి. ఆమె కుల్కచర్ల బజారులో ఎప్పుడు బండి తోలిందని సాయంత్రం చేతులు కడుక్కుంటూ అడిగాను.

"గాయన కాడ నిజమున్నది, నా కాడ అబద్ధమున్నది. మారకం జేస్కున్నం" అన్నాడు. "ముందు ఎవరో ఒకరు ఇయ్యాలె గద."

ఉస్తాద్ పోయాడు. ఆ షెడ్డులో ఇప్పుడు టైల్స్ అమ్ముతున్నారు. ఇక్కడ వికారాబాద్‌లో నాకంటూ ఒక షెడ్డు ఉంది. బండి తనంతట తానే పాడైందని చెప్పే ప్రతి మనిషికీ చాయ్ తెప్పించి, ఉస్తాద్ లాగే నేనూ ముందు ఒక అబద్ధం ఇచ్చుకుంటాను.

కోడలు ఇంకా గిన్నె పట్టుకొని నిలబడే ఉంది.

"నేనొకపారి పప్పు మాడవెట్టిన బిడ్డా" అన్నాను. "ఆ పొగ పోయి గుట్ట మీద మబ్బయి కూసున్నది. వారం దినాలు మన ఇంటి మీదనే వాన. మీ అత్త గొడుగు వట్టుకొని వంట జేసింది."

కిసుక్కున నవ్వింది. తర్వాత గిన్నెలోకి చూస్తూ అంది, "అమ్మతోని ఫోన్ల మాట్లాడుతుంటి మామా. పెట్టెయ్యబుద్ధి కాలే."

గిన్నె ఆమె చేతిలోంచి తీసుకొని, దాన్ని నేను తోముతానని చెప్పాను. వాళ్ళమ్మకు మళ్ళీ ఫోన్ చేసుకోమన్నాను.