ఆకులో సున్నం వద్దన్న పోలయ్య

1966లో నేను నెల్లూరులోని ఒక ఆస్పత్రిలో, మగవారి సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. మైపాడులో చేపలవేట చేసే పోలయ్యకు పెద్దపేగులోని కాన్సర్ గడ్డను మా డాక్టరుగారు తీసివేశారు. కాని అది అప్పటికే కాలేయానికి పాకింది. అందుకని ఫ్లోరోయురాసిల్ అనే కొత్త ఇంజెక్షన్ మద్రాసు నుంచి తెప్పించారు.

ఆ మందును సిరంజిలోకి తీసేటప్పుడల్లా నాకు భయం వేసేది. త్వరగా పెరిగే కణాలను చంపడం దాని పని. గడ్డ కణాలతోపాటు నోటిలోపలి పొర, రక్తంలోని తెల్లకణాలు కూడా దెబ్బతింటాయి. "నోరు పూసిందా, మందు ఆపెయ్యాలి. లేకపోతే మందే ప్రాణం తీస్తుంది" అని డాక్టరుగారు పోలయ్య మంచం పక్కనే నిలబడి మాకు చెప్పారు.

ఒక ఉదయం ఇంజెక్షన్ సిద్ధం చేసుకుని వెళ్ళేసరికి, అతని భార్య శేషమ్మ నవ్వుతూ ఎదురైంది.

"సిస్టరమ్మా, ఈయనకు మతి పోయినట్టుండాది. ఆకు చుట్టిస్తే సున్నం వొద్దంటాడు! నేను కాపురానికొచ్చినకాణ్ణించీ సున్నం చాల్లేదని తిట్టిన మనిషి!"

"ఊరుకోవే" అన్నాడు పోలయ్య, పెదవులు సరిగా విప్పకుండానే.

నా చేయి ఆగిపోయింది. "నోరు తెరవండి" అన్నాను.

"నోరెందుకమ్మా? సూది చేతికి గదా!" అని చేయి చాపాడు.

సిరంజిని ట్రేలో పెట్టేశాను. అది చూశాక గాని అతను నోరు తెరవలేదు. బుగ్గల లోపలంతా ఎర్రగా ఒరుసుకుపోయి, నాలుక అంచున తెల్లటి పుండ్లు ఉన్నాయి.

"చెప్తే మందు ఆపేస్తారు గదమ్మా. ఆపితే నేను పోయినట్టే. పుండ్లు ఓర్చుకుంటాలే, సూది ఎయ్యి" అని బతిమాలాడు.

నేను వెళ్ళి చెప్పగానే డాక్టరుగారు ఇంజెక్షన్ ఆపించారు. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయాయని తేలింది. సాయంత్రానికి జ్వరం వచ్చింది. ఆ స్థితిలో ఎక్కడ కాస్త చీము పట్టినా ప్రాణం నిలవదు. అతన్ని వేరే గదిలో ఉంచి, లోపలికి వెళ్ళేముందు ప్రతిసారీ చేతులు తోముకుని కడుక్కునేదాన్ని. గుమ్మం బయటే కూర్చున్న శేషమ్మ, "ఆ సూది పడుంటే ఏమయ్యేదమ్మా?" అని అడిగింది.

జ్వరం తగ్గింది, తెల్లకణాలు తిరిగి పెరిగాయి. తక్కువ మోతాదులో మందు మళ్ళీ మొదలుపెట్టాము. అతనికి పూర్తిగా నయం కాలేదు. ఆ మందుకు అంత శక్తి లేదు. అయినా కొన్ని నెలలు ఇంట్లో, తనవాళ్ళ మధ్య గడిపాడు.

మందు ఆపుతామన్నది అతను విన్నాడు. నోరు మానాక మళ్ళీ ఇస్తామని మేమెవరమూ అతనికి చెప్పలేదు. అటుతరువాత ఏ రోగికైనా మొదటి ఇంజెక్షన్‌కు ముందు పక్కన కూర్చుని ఆ రెండు మాటలూ కలిపే చెప్పేదాన్ని. చెప్పి, అప్పుడు నోరు తెరవమనేదాన్ని.