మోత లేని ఫోన్

భివండీలోని మా పవర్‌లూమ్ కార్ఖానాకు వచ్చే ఫోన్లు ఎత్తే పనిని నిన్ననే హైదరాబాదులో ఇంటి నుంచి పనిచేసే ఒక అమ్మాయికి అప్పగించాను. మగ్గాల మోతలో బేరాలు మాట్లాడలేకపోతున్నాను మరి. "మీ కస్టమర్లకు చిన్న చప్పుడు కూడా వినపడదు" అని ఏజెన్సీవాళ్లు గొప్పగా చెప్పారు.

ఈ మధ్యాహ్నం ఆ అమ్మాయే కంగారుగా ఫోన్ చేసింది. మా పనివాడు మల్లేశం తల్లి సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ఫోన్ చేసి, ఎంత చెప్పినా వినకుండా ఏడుస్తోందట. మగ్గాల దగ్గర సెల్‌ఫోన్ మోగినా వినపడదు కాబట్టి, మా పనివాళ్ల ఇళ్లన్నింటికీ మా నంబరే దిక్కు. షెడ్డు బయటికి వచ్చి ఆమెకు ఫోన్ చేశాను.

"సాంచల సప్పుడు ఇనొస్తలేదు సేటూ. బందువెట్టిండ్రా? నా కొడుకు పని పోయిందా?"

కిందటేడు సాంచలు, అంటే ఈ మగ్గాలే, ఆగినప్పుడు మల్లేశం ఉత్త చేతులతో ఇంటికి పోయాడు.

"నడుస్తున్నయ్ అవ్వా. నీ కొడుకు నడిపే సాంచనే, ఇను."

లోపలికి వెళ్లి ఫోన్‌ను మల్లేశం మగ్గం పక్కన పట్టుకున్నాను. కాసేపటికి బయటికొచ్చి చెవికి పెట్టుకున్నాను.

"ఇంకో జరసేపు ఉంచకపోతివి బిడ్డా" అంది.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మాట్లాడే పనిని బయటికి ఇవ్వొచ్చు. ఈ మోతను ఎవరికి అప్పగించాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి.