మెట్ల కింద అమ్మవారు

మా మ్యూజియంలో ఒక్కో విగ్రహం వివరాలు మూడు చోట్ల ఉంటాయి. ఒకటి రిటైరైపోయిన గుమాస్తాగారు చేత్తో రాసిన లావుపాటి రిజిస్టరు. రెండోది నాకంటే ముందు పనిచేసినాయన తయారుచేసిన ఎక్సెల్ షీటు. మూడోది హెడ్డాఫీసు వాళ్ళిచ్చిన సాఫ్ట్‌వేరు. ఈ మూడూ ఒకదాని మాట ఒకటి ఒప్పుకోవు. గుమాస్తాగారు "మిరప చేలో దొరికిన అమ్మవారు" అని రాసుకున్నదాన్ని ఎక్సెల్ "ఫిమేల్ ఫిగర్" అంటుంది. సాఫ్ట్‌వేరుకి అంకెలు తప్ప అమ్మవార్లు తెలియరు. మూడింటినీ కలిపి లెక్క తేల్చమని నన్ను వేశారు.

ప్రదర్శనలో ఉన్న విగ్రహాల కంటే మూడు లెక్కల్లోనూ ఒకటి ఎక్కువ వచ్చింది. మూడు వారాలు బుర్ర బద్దలుకొట్టుకున్నాక ఎక్సెల్లో రెండు వరుసలు దొరికాయి. స్త్రీ మూర్తి, రెండున్నర అడుగులు, పల్నాటి రాయి, ముక్కు లేదు. రెండింట్లోనూ అక్షరం తేడా లేదు. ఒకే విగ్రహాన్ని రెండుసార్లు ఎక్కించారని తేల్చేసి ఒకదాన్ని ఎక్సెల్లోంచీ సాఫ్ట్‌వేర్లోంచీ తీసేశాను. రిజిస్టర్లో ఆ నంబరు పక్కన పెన్సిల్‌తో "డూప్లికేట్" అని కూడా రాశాను. లేచి వెళ్ళి విగ్రహాలు చూసి ఉండొచ్చు. ఎండగా ఉందని వెళ్ళలేదు. లెక్క కుదిరిందని మా సారు ఆఫీసు గ్రూపులో నన్ను తెగ మెచ్చుకున్నారు, నేనూ ఆ మెసేజిని మా ఇంట్లో అందరికీ చూపించాను.

రెండు నెలలకి కొత్త హాలు తెరిచాం. ప్రతి విగ్రహం కిందా ఇచ్చినవాళ్ళ పేరుతో అచ్చు కార్డు పెట్టాం. ఆ వారమే, గురువారం పొద్దున, సత్తెనపల్లి దగ్గర పల్లెటూరి నుంచి ఒక మామ్మగారు వచ్చింది.

"అమ్మాయ్, నా పేరు ఎక్కడ రాశారో చూపించు. ఆదివారం మా మనవరాలి అత్తింటోళ్ళని తీసుకొస్తున్నా" అంది.

సంగతేమిటంటే, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు నాయనమ్మ, రిటైరైన టీచరట, తమ వంశం గొప్పలు గంటసేపు చెప్పింది. ఈవిడ ఊరుకోలేక, మా చేలో దొరికిన అమ్మవారు మ్యూజియంలో ఉంది, కింద నా పేరుంది అనేసింది. టీచరుగారు అదో రకంగా నవ్విందట.

"పేరు కనపడకపోతే ఆవిడ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? పిల్ల కూడా రేపు ఆ ఇంట్లోనే బతకాలి" అంది.

కంప్యూటర్లో ఆవిడ పేరు కొట్టి చూశాను. లేదు. హాల్లో ఉన్న ముక్కులేని అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళాను. మామ్మగారు ఒక్క చూపు చూసి తల తిప్పేసుకుంది.

"ఇది మాది కాదు. మాదానికి ఎడం భుజం మీద మా నాగలి గీత ఉంటది. నా చేలో అమ్మవారిని నేను గుర్తుపట్టనా?"

వెనకాల నిలబడ్డ అటెండరు తీరిగ్గా అన్నాడు. "మిరప చేను అమ్మవారా మేడమ్? మెట్ల కింద ఉందిగా, గోతం కప్పి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

గోతం తీశాం. దాని మీద ఆనించిన చీపుళ్ళూ తీశాం. భుజం మీద గీత వేలెడంత లోతుగా ఉంది. మామ్మగారు దాన్ని తడిమి, "ఇక్కడున్నావా తల్లీ" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే, తీసేసిన నంబరు తిరిగి రావాలంటే పై అనుమతి కావాలి, పది రోజులు పడుతుందన్నారు. నంబరు లేకపోతే కార్డు అచ్చు కాదు. కార్డు లేని విగ్రహం హాల్లో ఉండకూడదు. వెళ్ళి సారుకి తప్పు ఒప్పేసుకున్నాను. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"ఆదివారం రావద్దని చెప్పండి ఆవిడకి!"

"మీరే చెప్పండి సార్, వరండాలో కూర్చునుంది."

రుసరుసలాడుతూ వెళ్ళారు. పావుగంటకి చేతిలో గోంగూర కట్టతో తిరిగొచ్చి, నా వంక చూడకుండా, "విగ్రహం హాల్లో పెట్టించండి. కార్డు చేత్తో రాయండి" అన్నారు.

ఆదివారం వ్యానెడు జనం దిగారు. మామ్మగారికి చదువు రాదు. వియ్యాలవారి టీచరుగారి చెయ్యి పట్టుకుని కార్డు ముందు నిలబెట్టి, "చదవండి వదినగారూ, గట్టిగా" అంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేరు చదివింది. తర్వాత పక్క కార్డు చూసింది. ఆ పక్కది కూడా చూసింది.

"మిగతావన్నీ అచ్చువి. ఇదొక్కటే చేత్తో రాశారేం? సిరా కూడా కొత్తగా ఉందే?"

ఎవరో కిసుక్కుమన్నారు. మామ్మగారు నా వంక చూసింది. పరుగెత్తి రిజిస్టరు తెచ్చి, ఆ పేజీ తీసి టీచరుగారి చేతిలో పెట్టాను. నిజం చెప్పాలంటే నేనూ ఆ పేజీలో నంబరు తప్ప ఏదీ చదవలేదు. ఆవిడ తరగతిలో పాఠం చెప్పినట్టు గట్టిగా చదివింది.

"మిరప చేలో దొరికిన అమ్మవారు. ఎడమ భుజంపై నాగలి గీత." తర్వాత మామ్మగారి పేరూ ఊరూ. ఆ తర్వాత, "ఇచ్చేటప్పుడు ఈమె చాలా ఏడ్చినది. ఎప్పుడు వచ్చినా చూపిస్తామని మాట ఇచ్చితిమి." పేజీ దగ్గరగా పెట్టుకుని, "పక్కన పెన్సిల్‌తో డూప్లికేట్ అని ఉంది. ఇదెవరు రాశారు?"

"నేనేనండీ. చూడకుండా రాశాను. తప్పు నాది, ఆవిడది కాదు" అన్నాను.

టీచరుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. తర్వాత మనవణ్ణి పిలిచి, "ముందు ఈ మామ్మగారి కాళ్ళకి దణ్ణం పెట్టు" అంది.

పది రోజులకి అనుమతి వచ్చింది. సాఫ్ట్‌వేర్లో ఎత్తుకి గడి ఉంది, బరువుకి ఉంది, ఏడ్చినదానికీ ఇచ్చిన మాటకీ లేదు. గమనికల గడిలో గుమాస్తాగారి వాక్యాలు రెండూ ఉన్నదున్నట్టు కొట్టాను. అనవసర సమాచారం అని హెడ్డాఫీసు వాళ్ళు తిప్పి పంపారు. మళ్ళీ అవే కొట్టి పంపాను.