నల్లబల్ల మీద తడి చెయ్యి

బాపట్ల బి.ఇడి. కాలేజీలో చదివినవాళ్లను ఎవరిని కదిపినా అనంతకృష్ణ మాస్టారి మాట ఒకటి అప్పజెబుతారు: "ప్రశ్న వేశాక నోరు మెదపకండి. జవాబు మొలకెత్తడానికి కాస్త సమయం పడుతుంది." తెలిసినదాన్నుంచి తెలియనిదానిలోకి పిల్లలే నడవాలనీ, ముందు చేతి ఆసరా ఇచ్చి, తర్వాత ఆ చెయ్యి తీసేయాలనీ ఆయన ఏళ్ల తరబడి పాఠం చెప్పాడు. తెనాలిలో ఇంటి దగ్గర మాత్రం భార్య కనకదుర్గ నవ్వేది.

"ఏం కూరని అడుగుతారు, వంకాయేగా అని మీరే అంటారు. ఇంక నాకు నోరెందుకండి?"

ఆయనా నవ్వి ఊరుకునేవాడు.

అది రిటైరయ్యే ముందు చివరి బ్యాచ్. టీచింగ్ ప్రాక్టీసులో ఉన్నవాళ్ల పాఠాలు చూడటానికి తెనాలిలో పాసింజరెక్కి రేపల్లె వెళ్లాడు. వాళ్లలో ఒకతె, చీరాల నేతవాళ్లమ్మాయి సునీల, బడి గేటు దగ్గరే ఎదురొచ్చింది.

"సార్, మూడో వరసలో సాయి సుధ అని ఉందండి. నేనొచ్చిన దగ్గర్నుంచి క్లాసులో పెదవి విప్పలేదు. ఇవాళ పాఠం ఆ పిల్ల కోసమే తయారు చేసుకున్నానండి."

"మార్కులు వేసేది నేనమ్మాయ్, ఆ పిల్ల కాదు."

"అది మాట్లాడితే చాలండి. మీరు సున్నా వేసుకోండి."

ఆయన చివరి బెంచీలో కూర్చున్నాడు. పాఠం చూడటానికొచ్చినవాడు అక్కడ లేనట్టే ఉండాలి. అదీ ఆయన నేర్పిందే.

సునీల సాయి సుధను పిలిచి, అరచెయ్యి తడిపించి, నల్లబల్లకు అద్దించింది. చిన్న చెయ్యి తడితడిగా మెరిసింది. అందరూ చూస్తుండగానే చిటికెన వేలు మాయమైంది, తర్వాత బొటనవేలు, చివరికి అరచెయ్యి. ఎవరో బల్ల లోపల్నుంచి మెల్లగా వెనక్కి తీసుకున్నట్టు.

"ఈ చెయ్యి ఎక్కడికి పోయింది?" అని అడిగి సునీల ఊరుకుంది.

ఫ్యాను చప్పుడు. కిటికీలోంచి ఎండ. తన చోటికి వెళ్లి కూర్చున్న సాయి సుధ జడలే వెనక నుంచి కనిపిస్తున్నాయి. నిశ్శబ్దం ఆయన గుండెల మీద కూర్చుంది. పాపం, సునీల పాఠం మరిచిపోయిందేమో అనుకున్నాడు.

"బాష్పీభవనం!"

ఆ గొంతు తనదేనని ఆయనకు ఆలస్యంగా తెలిసింది. పిల్లలంతా ఒక్కసారిగా అందుకున్నారు: "బాష్పీభవనం!" అప్పుడు చూశాడు, మూడో వరసలో భుజం దాకా లేచిన ఓ చెయ్యి దిగిపోవడం.

గంట కొట్టాక సునీల డస్టరు సర్దుకుంటూ, తలెత్తకుండా అంది. "మీరు చెప్పినట్టే ఆగానండి."

ఆయన లేచి తలుపు దాటాడు. బయట కుళాయి దగ్గర సాయి సుధ నీళ్లు తాగుతోంది.

"అమ్మాయ్, ఇందాక ఏం చెప్పబోయావు?"

"బాష్పీభవనం అండి."

"అది నేనన్నది తల్లీ. నీకేం తోచిందో చెప్పు."

"అదేనండి."

ఆయన కుళాయి కింద చెయ్యి తడిపి, పక్కనున్న గోడకు అద్దాడు. ఈసారి నోరు విప్పలేదు. వేళ్లు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. పిల్ల గోడను చూసింది, ఆయన ముఖం చూసింది, ఏ జవాబు చెబితే వదిలేస్తారో వెతుక్కుంటున్నట్టు.

"గంట కొట్టేస్తారండి," అని పరుగెత్తింది.

గోడ మీద అరచెయ్యి ఇంకా కాస్త మిగిలి ఉంది. అది పూర్తిగా ఆరేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.