నన్ను గెలిపించడానికి వచ్చింది

నాకు మాట్లాడటమే సరిగా రాదు. ఇంక అబద్ధం అల్లి చెప్పడం ఎక్కడ... కాబట్టి ఇది జరిగిందే. నమ్మకపోతే మానేయండి. బతిమాలను.

మాది సాలూరు. మేడ మీద రేకుల గది నాది. అక్కడ కూర్చుని విశాఖపట్నంలో ఉన్న ఒక చిన్న వీడియో గేమ్ కంపెనీకి పనిచేస్తాను. ఆటలో శత్రువు ఎలా కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, ఆడేవాళ్ళు తప్పించుకోవడానికి ఎంత సందు ఇవ్వాలి... అది నా పని.

మా ఆటలో ఒక కోట ఉంది. దాని గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని ఒక కావలివాడు. ఆట మొత్తంలో నేను ఒక్కదాన్నే చేసింది వాడినే.

వాడి కర్రసాము మా మావయ్యది. అప్పలనాయుడు మావయ్య పక్కింట్లోనే ఉంటాడు. ఊరేగింపుల్లో కర్ర తిప్పుతాడు. పెరట్లో నిలబెట్టి ఫోన్‌తో వీడియోలు తీసుకున్నాను. ఇసుక నేల మీద ఆయన కాలు ఈడ్చే చప్పుడు కూడా రికార్డు చేసుకున్నాను. సర్ర్... అని వస్తుంది. కావలివాడు పెద్ద దెబ్బ వేసే ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది.

ఇది జరిగిన రోజు సాయంత్రం నేను ఆడుతుంటే మావయ్య పైకొచ్చి వాడిని చూశాడు.

"ఏటే, నన్ను ఇలగ బక్కోడిని సేసీసినావు?"

"నీ ఆట ఒక్కటే తీసుకున్నాను మావయ్యా. ఒళ్ళు నీది కాదు."

"మరి ఎందుకలగ ఓడిపోతన్నావు? కర్ర సూడకు, ఆడి బుజం సూడు. కొట్టీ ముందర బుజం సెప్పీస్తాది."

నాకు తెలుసు. ఆ భుజాన్ని అలా దించింది నేనే కదా. తెలిసినా చెయ్యి అందుకోవడం లేదు.

ఆయన వెళ్ళాక మా టీమ్ లీడ్ కిరణ్ గారు ఫోన్ చేశారు.

"స్వాతీ, ఆడి చూసినవాళ్ళు ఒక్కరూ వాడిని దాటలేదు. బలం సగానికి తగ్గించేద్దాం."

"సార్... వాడు చెప్పకుండా ఒక్క దెబ్బా వెయ్యడు."

"నువ్వు గెలిచావా?"

"ఇంకా లేదు..."

"రేపు పొద్దున్నే ఆటను బయటకు పంపాలి. అప్పటికి నువ్వు గెలిచిన వీడియో ఒక్కటి పంపు. పూర్తిగా కూడా అక్కర్లేదు, చివరి దెబ్బ చూపిస్తే చాలు. లేకపోతే తగ్గించేస్తాను."

కిందకెళ్ళి అన్నం తిన్నాను. పైకొచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను. రికార్డింగ్ నొక్కి ఆడటం మొదలుపెట్టాను.

ఓడాను. మళ్ళీ ఓడాను. కింద అమ్మ టీవీ కట్టేసింది. రోడ్డు మీద లారీల హారన్లు పలచబడ్డాయి... తర్వాత అవీ లేవు. ఫ్యాన్ ఒక్కటే కిర్రుమంటోంది. అమ్మ పిలిస్తే వినబడాలని హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకున్నాను. కుడి చెవికి. ఎడమ చెవి ఖాళీ. ఇది గుర్తుంచుకోండి.

ఎన్నోసారో ఓడిపోయాక... చెమట తుడుచుకుందామని కంట్రోలర్ ఒళ్ళో పెట్టాను. మళ్ళీ చెబుతున్నాను. చేతులు రెండూ తీసేశాను. ఆటలో నేను ఆడించే నా బొమ్మ గుమ్మానికి దూరంగా కదలకుండా నిలబడి ఉంది. అలా నిలబడితే కావలివాడు నడుచుకుంటూ వచ్చి కొట్టాలి.

రాలేదు.

వాడికి ఆ లోకంలో తెలిసింది ఒక్కటే. నా బొమ్మ ఎక్కడుందో. దాని వైపు తిరగడం, దాని మీదకు రావడం... ఇంకేమీ నేను పెట్టలేదు. అలాంటిది వాడు నా బొమ్మను వదిలేసి పక్కకి తిరిగాడు. అక్కడ ఏమీ లేదు. ఉత్త గోడ.

కర్ర అడ్డం పెట్టాడు.

టక్.

కర్రకి కర్ర తగిలిన చప్పుడు. నేను కొడితేనే వచ్చే చప్పుడు. నేను కొట్టలేదు.

టక్... టక్.

పైన వాడి ప్రాణం చూపించే ఎర్ర గీత ఉంటుంది. అది తగ్గింది. కొంచెం... మళ్ళీ కొంచెం.

లేచి తలుపు తీద్దామనుకున్నాను. తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. వాడు వెనక్కి వెనక్కి వెళుతున్నాడు. కనిపించనివాళ్ళు ఎవరో వాడిని తరుముతున్నారు. తీరుబడిగా. ఒక్క దెబ్బ తప్పిపోకుండా. అంత బాగా ఆడటం నేను ఎవరి దగ్గరా చూడలేదు.

వాడు సరిగ్గా నా బొమ్మ ముందుకొచ్చి మోకాళ్ళ మీద పడ్డాడు.

ఎర్ర గీత గోరంత మిగిలింది.

అప్పుడు... ఆగిపోయింది. ఆ కొట్టేది కూడా ఆగిపోయింది. చప్పుడు లేదు. ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా తెలియలేదు. నా కోసం ఆగిందని అర్థమైంది. చివరి దెబ్బ నాకు వదిలింది.

బొటనవేలు బటన్ మీదకి వెళ్ళింది. ఒక్క నొక్కు చాలు. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. కిరణ్ గారు అడిగిందీ ఆ ఒక్క దెబ్బే. కావలివాడి బలం ఇంక ఎవరూ తగ్గించరు.

భయంతోపాటు ఇంకోటి కూడా వచ్చింది... కోపం.

డిగ్రీలో వైవాకి రాత్రంతా చదువుకుని వెళ్ళాను. మాస్టారు నా ముఖం చూసి, "పాపం, భయపడిపోతోంది, వదిలేయండి" అని ప్రశ్న అడగకుండానే మార్కులు వేసేశారు. నాకు జవాబులన్నీ వచ్చు. ఆ రోజు బస్సులో ఇంటిదాకా కిటికీకి ముఖం ఆనించుకుని కూర్చున్నాను. షాపులో నేను అడిగేలోపు నా బదులు అడిగేవాళ్ళు, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మాట్లాడేసేవాళ్ళు... అందరూ మంచివాళ్ళే. నేను ఓడిపోవడం కూడా నాకు మిగల్చరు.

ఇప్పుడు ఇది కూడానా?

నోరు తెరిచాను. మాట గట్టిగానే వచ్చింది.

"నేను పిలవలేదు. పక్కకి జరుగు."

గదిలో ఒక్క క్షణం ఏమీ లేదు.

తర్వాత...

సర్ర్...

ఇసుక మీద కాలు ఈడ్చిన చప్పుడు. నా గదిలో గచ్చు. ఇసుక లేదు. పోనీ ఆటలోదే అనుకుందామంటే... అది నాకు ఎడమ చెవిలో వినిపించింది.

తెర మీద కావలివాడు మెల్లిగా లేచాడు. తల తిప్పి నా బొమ్మ వైపు చూశాడు. ఎప్పటిలాగే.

గోరంత ప్రాణంతో ఉన్న వాడిని నేను కొట్టలేదు. ఆట ఆపేసి మొదటి నుంచి పెట్టాను. చేతుల్లోంచి కంట్రోలర్ రెండుసార్లు జారింది. పక్కకి చూడలేదు. తెల్లవారేదాకా ఆడాను. తెల్లవారేదాకా ఓడాను. ఆఖరి ఆటలో వాడికీ నాకూ ఒక్కో దెబ్బే మిగిలింది. భుజం దిగడం చూశాను. చూసి కూడా ఆలస్యంగా కదిలాను. పోయాను.

ఆ వీడియోనే మొత్తం పంపాను.

వెంటనే కిరణ్ గారి ఫోన్. "ఓడిపోయింది పంపావేంటి?"

"చూడండి సార్." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఎక్కడ దెబ్బ తిన్నానో, ఎందుకు తిన్నానో ప్రతిసారీ కనిపిస్తోంది. వాడు మోసం చెయ్యలేదు. సులువుగా కావాలన్నవాళ్ళకి వేరే సెట్టింగ్ పెట్టండి, నేనే చేసిస్తాను. అడగనివాళ్ళకి మాత్రం వాడి బలం తగ్గించి ఇవ్వొద్దు."



"ఇంత మాట్లాడతావని తెలీదు," అన్నారు. "సరే. వాడిని అలాగే ఉంచుదాం."

మావయ్య పెరట్లో పళ్ళు తోముకుంటుంటే వెళ్ళి జరిగింది చెప్పాను. వేపపుల్ల నోట్లోంచి తీసి నా వైపు చూశాడు.

"కొట్టోడికి సిల్లర సరిగ్గా ఇమ్మని అడగలేవు. దెయ్యాన్ని జరగమన్నావేటే?"

"దెయ్యమే అంటావా?"

"నానేటి సెప్పగలను. ఎవులో నిన్ను గెలిపిద్దారని వొచ్చుంటారు. మంచోలే అయ్యుంటారు." పుల్ల మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

తర్వాత కిరణ్ గారికి ఆ ముందటి రికార్డింగ్ కూడా చూపించాను. అది ఉంది. వాడు గోడ వైపు తిరిగి దెబ్బలు తినడం అంతా ఉంది. మొదట్లో ఈ ఆటను ఇద్దరు ఆడేలా అనుకున్నారట. ఆ రెండో ఆటగాడి ముక్క కోడ్‌లో ఎక్కడో మిగిలిపోయి ఉంటుందన్నారు. వెతికాను. నిజంగానే ఉంది. బొమ్మ లేదు, కానీ కొట్టగలదు. తీసేశాను. అమ్మయ్య అనుకున్నాను కూడా.

అయితే ఆ రెండో ఆటగాడు కదలాలంటే రెండో కంట్రోలర్ కావాలి. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే. అది నా ఒళ్ళో ఉంది. "ఏదో సిగ్నల్ కలిసుంటుంది," అన్నారు కిరణ్ గారు. కలిసే ఉంటుందేమో. నాకు తెలీదు.

కావలివాడిని తర్వాత గెలిచాను. ఒక మధ్యాహ్నం, పక్కనే అమ్మ చిక్కుడుకాయలు తుంచుతుంటే. ఎవరి సాయమూ లేదు. ఇప్పటికీ ఆ గదిలోనే పనిచేస్తున్నాను. మానను.

ఒక్కటి మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వదు. ఆ చప్పుడు కాదు, ఆ దెబ్బలు కూడా కాదు. వాటికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. పక్కకి జరగమన్నాను కదా... జరిగింది. సిగ్నల్ అయితే నా మాట ఎందుకు వింటుంది?